సుద్దగీతకు ఇవతల

ప్రమాదం జరిగాక చేయాల్సిన పనులు ఏడు అని డ్రైవింగ్ స్కూలువాళ్ల పుస్తకంలో ఉంది. సెక్రటరీగారి భార్య పరీక్ష కోసం ఆ పేజీని గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ వల్లె వేసింది. ఇంజను ఆపాలి. దెబ్బ తగిలినవాళ్లను చూడాలి. బండి కదపకూడదు. గుర్తులు చెరపకూడదు. చూసినవాళ్ల పేర్లు రాసుకోవాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఏడోది ఎప్పుడూ గుర్తుండేది కాదు. పరీక్షలో ఆరే రాసింది, అయినా పాసైంది. లైసెన్సు వచ్చిన పదకొండో రోజునే ఈ చదువు అక్కరకొస్తుందని ఆమె అనుకోలేదు.

బుధవారం ఉదయం తొమ్మిది గంటలకు కారు అపార్టుమెంటు గేటులోకి తిరుగుతోంది. స్టీరింగ్ ఆమె చేతిలో ఉంది. పక్క సీట్లో సెక్రటరీగారున్నారు. ఆయన ఆ అపార్టుమెంటు సంఘానికి తొమ్మిదేళ్లుగా సెక్రటరీ. సొంత పేరు బ్యాంకువాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. గేటుకు ఎడమవైపు, గోడనానుకుని మిషనక్క కూర్చుని ఎవరిదో ప్యాంటు నడుము వదులు చేస్తోంది. ఆమె కుట్టుమిషన్ చుట్టూ కాలిబాట మీద తెల్లటి సుద్దగీత ఉంది. రెండేళ్ల క్రితం సెక్రటరీగారే టేపు పట్టుకుని గోడ నుంచి నాలుగడుగులు కొలిచి, "ఇది దాటితే ఖాళీ చేయాల్సొస్తుంది, చెబుతున్నా" అన్నారు. అప్పటినుంచి మిషనక్క రోజూ పొద్దున్నే బట్టల మీద గీసే సుద్దబిళ్లతోనే ఆ గీత గీసుకుని, ఆ లోపల కూర్చుంటోంది.

కొత్తగా నేర్చుకున్నవాళ్లకు గేటు తిప్పడం కష్టం. సెక్రటరీగారి భార్యకు ఆ సుద్దగీతే దిక్కు. గీత చివర బానెట్ మూలకు రాగానే స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టాలి. అలా తిప్పితే కుడిపక్క స్తంభానికి జానెడు దూరంలో కారు లోపలికి పోతుంది. పది రోజులుగా అలాగే పోయింది. ఆ రోజూ పోయేదే.

"స్తంభం! స్తంభం!" అని అరిచి సెక్రటరీగారు స్టీరింగ్ పట్టుకుని తనవైపు లాగారు.

కారు ఎడమకు తూలింది. ముందు మూల మిషన్ స్టాండుకు తగిలింది. మిషన్ పక్కకి ఒరిగింది. మిషనక్క దాన్ని పడిపోనివ్వకుండా కుడిచెయ్యి అడ్డం పెట్టింది. పెద్ద చప్పుడేం కాలేదు. దారపు ఉండలు మాత్రం దొర్లుకుంటూ రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయాయి.

ఆమె ఇంజను ఆపింది. ఒకటి.

సెక్రటరీగారు దిగి, ముందు కారు మూల తడిమి చూసుకున్నారు. తర్వాత, "వెనక్కి తియ్, వెనక్కి తియ్, జనం పోగవుతున్నారు" అన్నారు.

"కదపకూడదండీ."

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది."

"పుస్తకాన్ని గుద్దలేదుగా మనం" అని ఆయనే ఎక్కి కారు లోపల పెట్టేశారు. అప్పటికే పోగైన అయిదారుగురికి, పెళ్లిలో అతిథులను ఆహ్వానించినంత మర్యాదగా చెప్పారు: "ఏం లేదండీ. మా ఆవిడ కొత్త. కాస్త కంగారు పడింది."

ఆ మాట ఆమె విన్నది. కానీ అప్పుడు రెండో పనిలో ఉంది. మిషనక్క బుట్టలోని చెక్క స్కేలు తీసి, వాచిపోతున్న ఆమె మణికట్టు కింద పెట్టి, లైనింగు గుడ్డ ముక్కతో చుట్టింది. మిషనక్క నొప్పితో పళ్లు బిగించి, "ముడి అలా కాదమ్మా, జారిపోతుంది. కింద నుంచి తీయండి" అని నేర్పించింది. అంత నొప్పిలోనూ పనితనం తక్కువైతే ఓర్చుకోలేని మనిషి.

"నువ్వు వెళ్లకు" అన్నారు సెక్రటరీగారు, ఎవరో పిలిచిన ఆటో దగ్గరకొచ్చి గొంతు తగ్గించి. "వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టు."

"వెళ్లకపోతే?"

ఆమె ఆటో ఎక్కింది.

ఆసుపత్రిలో ఎముక చిట్లిందన్నారు. మూడు వారాలు కట్టు. డాక్టరు కాగితం మీద రాస్తూ, "ఎలా తగిలింది?" అని అడిగాడు. సెక్రటరీగారి భార్య నోరు తెరిచింది. అంతలో మిషనక్క, "కాలు జారి పడ్డానండి" అంది.

డాక్టరు రాసుకున్నాడు. నోరు తెరిచిన ఆమె మెల్లిగా మూసేసింది.

*

గురువారం పొద్దుటికి సుద్దగీత లేదు. కాలిబాట మీద నూనె మరకలయ్యాయని సెక్రటరీగారు వాచ్‌మన్ చేత రెండు బకెట్ల నీళ్లు కొట్టించి కడిగించారు. నిజానికి నూనె పడింది కారుది కాదు, మిషన్‌ది, అదీ నాలుగు చుక్కలు. బాల్కనీలోంచి చూస్తే గోడ పక్కన శుభ్రంగా, తడిగా, అక్కడ ఎప్పుడూ ఎవరూ కూర్చోనట్టు ఉంది. మిషన్‌ని వాచ్‌మన్ గదిలో పెట్టారు, దాని స్టాండు వంగిపోయింది.

సెక్రటరీగారి భార్యకు ఆ రోజు కాలు ఒకచోట నిలవలేదు. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెట్టింది. తుడిచిన గట్టు తుడిచింది. అల్మరాలో డబ్బాలన్నీ దించి, పొడవు ప్రకారం సర్ది, నచ్చక వెనకటిలాగే పెట్టింది. కారు తాళాలు గోడ మేకుకు వేలాడుతున్నాయి. అటు వెళ్లినప్పుడల్లా వాటిని చూసింది. అవి తననే చూస్తున్నట్టు అనిపించి ఆ మేకు మీద సంచీ ఒకటి తగిలించింది.

పదకొండింటికి పైఅంతస్తు పిన్నిగారు పంచదార కోసం వచ్చారు. ఆవిడ ఏ ఇంటికి పంచదార కోసం వెళ్లినా ఆ ఇంట్లో ఏదో జరిగిందన్నమాట.

"అయ్యో, నీకేం కాలేదుగా తల్లీ? నేను ముందే అనుకున్నా. ఈ వయసులో డ్రైవింగేమిటి అని. అయినా మీవారు బంగారం. ఒక్క మాటా అనలేదట నిన్ను, అందరి ముందూ."

"ఒక్క మాటే అన్నారు పిన్నిగారూ."

"చూశావా మరి! మా ఆయనైతే వీధి వీధంతా వినపడేలా అరిచేవాడు."

"ఎంత కావాలండీ, పంచదార?"

"గ్లాసు చాలు" అన్నారు పిన్నిగారు, గ్లాసు తేవడం మర్చిపోయి.

మధ్యాహ్నం సెక్రటరీగారు ఫోను మీద ఫోను మాట్లాడారు. ఒక్కో ఫోనుకీ ప్రమాదం కాస్త కాస్త జరుగుతూ వచ్చింది. మొదటి ఫోనులో భార్య కంగారు పడింది. మూడో ఫోనుకి మిషన్ కొంచెం ముందుకు వచ్చింది. ఆరో ఫోనుకి మిషన్ గీత దాటి అడుగున్నర రోడ్డు మీదే ఉంది. అసలు ఆ దారిన ఎవరు బండి తీసినా తగలాల్సిందే, దేవుడి దయవల్ల ఇంతటితో పోయింది. కావాలని అబద్ధమాడే మనిషి కాదాయన. చెప్పిన కొద్దీ నమ్ముతారు, నమ్మిన కొద్దీ చెబుతారు.

నాలుగింటికి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, "ఒక నోటీసు రాయాలి, కాగితం తీసుకో" అన్నారు.

ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో కాగితమంటే ఆమే. ఆయన వెనక చేతులు కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ చెబుతారు, ఆమె చిత్తు రాస్తుంది. ఆయన విని "సరే" అంటారు. తర్వాత ఆమె మంచి ప్రతి రాస్తుంది. ఆయన సంతకం పెడతారు. చదవరు. కళ్లజోడు ఆయన ఇంట్లో వాడరు, సభల్లోనే. చిత్తుకీ మంచి ప్రతికీ మధ్య ఎన్నో జరిగేవి. నీళ్ల ఆఫీసుకు రాసిన ఉత్తరంలో "గాడిదలు" అన్నచోట "సిబ్బంది" అయింది. వియ్యపురాలికి రాసిన దాంట్లో రెండు పేరాలే మాయమయ్యాయి. ఆ రకంగా సెక్రటరీగారు ఎంత కోపమొచ్చినా మాట తూలని పెద్దమనిషి అని నలుగురిలో పేరు తెచ్చుకున్నారు.

ఆ రోజు మాత్రం ఆయన చెప్పింది రెండే ముక్కలు, మార్చడానికి ఏమీ లేదు. 'ఆదివారం ఉదయం పది గంటలకు సంఘ సమావేశం. విషయం: గేటు పక్కన గల కుట్టుమిషన్ తొలగించుట.' ఆమె కలం అలవాటైన లయలోనే నడిచింది. రాసేసి, సంతకం పెట్టించి, కింద బోర్డుకు నాలుగు పిన్నులూ గుచ్చి వచ్చాక, మెట్ల మలుపులో ఆగిపోయింది. తొలగించుట. చాలా అందంగా రాసింది.

*

శుక్రవారం ఆమె చిరిగిన చేతిసంచీ ఒకటి పట్టుకుని కిందికి దిగింది. చిరగకపోతే తనే పక్కకుట్టు విప్పింది.

మిషనక్క వాచ్‌మన్ గది ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. కుడిచేతికి కట్టు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. ఎడమచేత్తో కత్తెర పట్టుకుని, ప్యాంటు నడుము దగ్గర పాత కుట్లు విప్పే ప్రయత్నం చేస్తోంది. కత్తెర వంకర పోతోంది.

"ఎవరిదక్కా అది?"

"హెడ్మాస్టరుగారిది. ఒక వైపు అయింది, ఇంకో వైపు అవ్వలేదు. పాపం ఆయన ఇంట్లో పంచెతో తిరుగుతున్నారట." మిషనక్క నవ్వి, సంచీ అందుకుని, విప్పిన కుట్టు చూసింది. "ఇది దానంతటది చిరగలేదమ్మా. బ్లేడుతో విప్పారు."

"అవును" అంది ఆమె. దొరికిపోయాక ఇంక దాచేదేముంది.

వాచ్‌మన్ రేడియోలో ఎవరో పంటల ధరలు చదువుతున్నారు.

"ఆసుపత్రిలో అలా ఎందుకు చెప్పావక్కా? పడ్డానని."

"గుద్దారంటే పోలీసు కాగితం అడుగుతారమ్మా. కాగితం పెడితే సెక్రటరీగారికి కోపం. ఆయనకు కోపమొస్తే నాకు గోడ ఉండదు. గోడ లేకపోతే మిషన్ నెత్తిన పెట్టుకుని తిరగాలి." కత్తెర పక్కన పెట్టింది. "నేను కారు అద్దంలోంచి చూస్తూనే ఉన్నా. మీ రెండు చేతులూ సరిగ్గానే ఉన్నాయి. మూడో చెయ్యి వచ్చింది."

ఆమె తల వంచుకుంది.

"మిషన్ గీతకు ఇవతలే, గోడవైపే ఉందక్కా. నాకు తెలుసు. రోజూ ఆ గీత చూసే తిప్పుతాను."

"నాకు తెలీదేంటి? మీరు కారు పట్టాక గీత ఇంకాస్త మందంగా గీసేదాన్ని, కనపడాలని." మిషనక్క బోర్డు వైపు గడ్డంతో చూపించింది. "ఆదివారం మీటింగంట కదా. వాచ్‌మన్ చదివాడు. ఆ అక్షరాలు మీవే కదమ్మా? గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అసలు బాధ అదే. ఉంటే ఏదో ఒకటి తిరిగి అనొచ్చు.

"ఎప్పటికి అవుతుంది సంచీ?" అంది ఆమె లేస్తూ.

"చెయ్యి వచ్చాక" అంది మిషనక్క. "గోడ ఉంటే."

*

శనివారం మధ్యాహ్నం భోజనమయ్యాక సెక్రటరీగారు లేచి వెనక చేతులు కట్టుకున్నారు. ఆమెకు అర్థమైంది. కాగితాలు తెచ్చుకుంది.

"శీర్షిక: ప్రమాద నివేదిక. రాశావా? సదరు బుధవారం నాడు... సదరు అక్కర్లేదులే. బుధవారం నాడు, మా వాహనం గేటులోకి ప్రవేశించుచుండగా, సదరు కుట్టుమిషన్... ఇక్కడ సదరు పెట్టు... నిర్దేశిత గీతను అతిక్రమించి యున్నందున..."

"గీత అతిక్రమించిందాండీ?"

ఆయన ఆగి చూశారు. "లేకపోతే ఎలా తగులుతుంది?"

"మీరు స్టీరింగ్ లాగారు కదా."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆయన కిటికీ దగ్గరకు వెళ్లి, కిందికి చూసి, తిరిగొచ్చారు. ముఖంలో నిజంగానే కష్టం కనిపించింది.

"నేను లాగకపోతే స్తంభానికి కొట్టేదానివి."

"జానెడు ఖాళీ ఉంది."

"నీకు జానెడుగా కనపడింది. నేను కాపాడాను. అది అనవసరం ఇప్పుడు. ఎవరినీ ఏమీ అనట్లేదుగా. రోడ్డు రోడ్డుగా ఉండాలంటున్నాను, అంతే. తొమ్మిదేళ్లుగా చేస్తున్నా, ఒక్కరూ వేలెత్తి చూపలేదు. రేపు 'సెక్రటరీయే గుద్దాడు' అంటారు. ఆ మాట పడాలా నేను? రాయి, రాయి. అతిక్రమించి యున్నందున."

ఆమె రాసింది. చివరిదాకా రాసింది. చదివి వినిపించింది. "బ్రహ్మాండం" అన్నారు ఆయన. "సాయంత్రానికి మంచి ప్రతి తీసేయ్." అని పడుకున్నారు.

మంచి ప్రతికి ఆమె చాలాసేపు కూర్చుంది. మధ్యలో రెండుసార్లు లేచి కారు తాళాల మీది సంచీ తీసి, మళ్లీ తగిలించింది. ఒకసారి పుస్తకం తెరిచి ఆ పేజీ చూసింది. ఏడోది: 'జరిగినదానిని సంతకముతో లిఖితపూర్వకముగా ఇవ్వవలెను.' ఇది ఎందుకు గుర్తుండేది కాదో అప్పుడు తట్టింది. రాయడం తన పనే, సంతకం ఎప్పుడూ తనది కాదు.

నాలుగున్నరకి కాగితం ఆయన ముందు పెట్టింది.

"ఒకసారి చదవండి."

"ఏముంది చదవడానికి? విన్నాగా."

"మంచి ప్రతి వేరే ఉంటుంది. మీకు తెలుసుగా, కొన్ని సరిచేస్తాను."

"అందుకే కదా నీ చేత రాయించేది" అన్నారు ఆయన, నిజమైన ఆప్యాయతతో, కలం మూత తీస్తూ.

"చదవండి. మూడోసారి చెబుతున్నా."

"రెండోసారే" అన్నారు ఆయన, లెక్క తప్పితే ఊరుకోరు. సంతకం పెట్టి, కింద గీత ఒకటి లాగి, చుక్క పెట్టారు.

"ఇప్పుడు మూడోసారి" అంది ఆమె.

ఆయన నవ్వి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

*

ఆదివారం మెట్ల కింద హాల్లో పద్దెనిమిది ప్లాస్టిక్ కుర్చీలు. పదమూడు నిండాయి. అధ్యక్షుడు హెడ్మాస్టరుగారు పంచెలోనే వచ్చారు. ఆయనకు చెవి మిషన్ ఉంది. బ్యాటరీ ఆదా అని సగం సభ అయ్యేదాకా ఆన్ చేయరు. పిన్నిగారు మొదటి వరసలో కూర్చున్నారు. మిషనక్క గుమ్మం బయట నిలబడింది. కూర్చోమంటే, "ఫర్వాలేదండి" అంది. సెక్రటరీగారి భార్య చివరి వరసలో గోడ పక్కన కూర్చుంది. తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ అంచులు పట్టుకుంది, గేటు తిప్పేటప్పుడు స్టీరింగ్ పట్టుకున్నట్టు.

సెక్రటరీగారు లేచి కళ్లజోడు పెట్టుకున్నారు. కాగితం విప్పారు. ఆయన చదివే గొంతు వేరే ఉంటుంది. అర్థంతో పని లేకుండా ముందుకు పోతుంది, ఏటవాలులో సైకిల్లాగా.

"ప్రమాద నివేదిక. బుధవారం ఉదయం తొమ్మిది గంటలకు మా కారు గేటులోకి తిరుగుతోంది. నా భార్య నడుపుతోంది. నేను పక్క సీట్లో ఉన్నాను. ఆమె సరిగ్గానే తిప్పుతోంది. స్తంభానికి జానెడు దూరం ఉంది. నేను భయపడి స్టీరింగ్ పట్టుకుని నావైపు లాగాను..."

సైకిల్ ఆగింది.

ఆయన కాగితం దగ్గరగా పెట్టుకున్నారు. దూరంగా పెట్టుకున్నారు. తలెత్తి చివరి వరస వైపు చూశారు. ఆమె చూపు తిప్పుకోలేదు. తిప్పుకోవాలని చాలా అనిపించింది.

హాల్లో ఎవరో కుర్చీ జరిపారు. పిన్నిగారి నోరు తెరుచుకునే ఉంది. ఆయన కాగితం మడవబోయారు. రెండు మూలలూ కలిశాయి కూడా.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరుగారు చెవి మిషన్ ఆన్ చేశారు. కుయ్ మంది.

"ఏమయ్యా, ఎక్కడిదాకా వచ్చింది? నాకు వినపడలా. మళ్లీ చదువు. మొదటినుంచి. గట్టిగా."

నలభై ఏళ్లు క్లాసులో అందరి చేతా చదివించిన గొంతు అది. సెక్రటరీగారు కాగితం విప్పారు. మొదటినుంచి చదివారు. 'లాగాను' దగ్గర గొంతు తగ్గింది.

"ఏం చేశావు?" అన్నారు హెడ్మాస్టరుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"లాగాను."

"ఆఁ?"

"స్టీరింగ్ లాగానండీ! నేనే లాగాను!"

బయట మెట్ల మీద ఆడుకుంటున్న పిల్లలు కూడా ఒక్క క్షణం ఆగారు. ఆయన ఊపిరి తీసుకుని మిగతాది చదివేశారు. ఇప్పుడు ఆ గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది. "కుట్టుమిషన్ గీతకు ఇవతలే ఉంది. ఆ గీత నేనే కొలిచి ఇచ్చాను. కాబట్టి ఆమె స్థలం ఆమెకే ఉండాలని, మిషన్ బాగు చేయించే బాధ్యత నాదని మనవి. ఇట్లు..." తన పేరు దగ్గర ఆగిపోయారు, అది ఎవరిదో గుర్తుపట్టడానికన్నట్టు.

"సంతకం నీదేనా?" అన్నారు హెడ్మాస్టరుగారు.

ఆయన కిందికి చూశారు. గీతా, చుక్కా కూడా ఉన్నాయి.

"నాదే" అన్నారు.

"మరి ఇంకేముంది, అయిపోయింది. దీనికి ఆదివారం పూట ఇంతమందిని పిలవాలా? ఏమమ్మా, నా ప్యాంటు సంగతేమిటి?" గుమ్మం వైపు అరిచారు.

"ఒక కాలు వేసుకోవచ్చండి" అంది మిషనక్క. అందరూ నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. రెండో వరసలో ఒకాయన లేచి, ఈ రోజుల్లో తన తప్పు తనే చదివి చెప్పుకునే మనిషి ఎక్కడున్నాడన్నారు. మిగతావాళ్లూ కొట్టారు. పిన్నిగారు వెనక్కి తిరిగి, "నేను చెప్పలా, బంగారమని" అన్నారు.

సెక్రటరీగారు ఆ చప్పట్ల మధ్య కాసేపు అలాగే నిలబడి, మెల్లగా ఒక నమస్కారం పెట్టారు. అది ఆమె రాయలేదు.

ఇంటికొచ్చాక ఆయన కళ్లజోడు తీయడం మర్చిపోయి భోంచేశారు. కంచంలో ఏముందో బహుశా ఇరవై రెండేళ్లలో మొదటిసారి స్పష్టంగా చూశారు. సాయంత్రం బాల్కనీలో ఆమె పక్కన వచ్చి నిలబడి, "ఇంతకు ముందు రాసినవాటిలో కూడా..." అన్నారు.

"గాడిదలు తీసేశానండీ" అంది ఆమె. "చాలా ఉండేవి."

*

సోమవారం పొద్దున్నే మిషనక్క వచ్చింది. మిషన్ ఇంకా బాగుకు వెళ్లలేదు. చేతికి కట్టు ఉంది. కుట్టడానికి ఏమీ లేదు. అయినా గోడ పక్కన వంగి, ఎడమచేత్తో సుద్దబిళ్ల పట్టుకుని గీత గీస్తోంది. ఆ చేతికి అలవాటు లేక గీత పాములా వస్తోంది. చెరిపి మళ్లీ గీస్తోంది. మందంగా.

సెక్రటరీగారి భార్య మేకు మీది సంచీ తీసి తాళాలు అందుకుంది. కారు బయటికి తీసి గేటు ముందు ఆపింది. సెక్రటరీగారు కూరగాయల సంచీతో దిగి వచ్చి, పక్క సీటు తలుపు పిడి మీద చెయ్యి వేశారు. స్టీరింగ్ వైపు చూశారు. గోడ వైపు చూశారు. చెయ్యి తీసేసి, వెనక తలుపు తెరిచి, వెనక సీట్లో కూర్చున్నారు.

"ముందు ఎండ కొడుతోంది" అన్నారు.

మబ్బు పట్టి ఉంది. ఆమె అద్దం సరిచేసుకుంది. అందులో ఆయన రెండు చేతులూ సంచీ మీద పెట్టుకుని బుద్ధిగా కూర్చుని కనిపించారు.

"తలుపు సరిగ్గా వేశారా?" అని అడిగి, ఆమె కారు కదిలించింది.